అమ్మ కూర్చునే వైపు

పోయినవారం మనం కండక్టరమ్మని ఎక్కడ వదిలేశామో గుర్తుందిగా? కొడుకు కారు వెనక తలుపు తెరిచి, ఒక కాలు లోపలా ఒక కాలు బయటా పెట్టుకుని, సీటు మీద కొత్తగా పరిచిన రబ్బరు గుడ్డని చూస్తూ నిలబడిపోయిన చోట. పసిపిల్లల పక్క మీద పరుస్తారే, అలాంటి గుడ్డ. ఆవిడ ఆ కాలు వెనక్కి తీసుకుంది. తలుపు మెల్లిగా వేసింది. ఇంట్లోకొచ్చి చెల్లెలికి ఫోన్ చేసి, "సముద్రం దగ్గరికి నేను రావడంలేదే, నువ్వెళ్ళు" అంది. చెల్లెలు కారణం అడిగింది. కారణంలో సగానికి సగం కారే ఉందని ఎలా చెప్తుంది? ఫోన్ పెట్టేసింది.

ఈ వారమే మన బండెక్కినవాళ్ళ కోసం వెనకటి స్టాపులు టూకీగా. కండక్టరమ్మ తన ఉద్యోగమంతా సిటీబస్సులో నిలబడే గడిపింది. ఊరందరికీ సీటు చూపించింది గానీ తను కూర్చున్నది లేదు. రిటైరయ్యాక కొడుకు ఒక పాత కారు కొన్నాడు. దాంట్లో వెనక సీటు, ఎడమవైపు కిటికీ పక్క చోటు ఆవిడకి సింహాసనం. అక్కడ కూర్చుని, ఎవరికీ చిల్లర ఇవ్వక్కర్లేకుండా, కాళ్ళు చాపుకుని ఊరు చూడటమే ఆవిడకి మిగిలిన సరదా. చెల్లెలితో కలిసి సముద్రం ఒడ్డున ఒక వారం ఉండాలని అక్కచెల్లెళ్ళిద్దరూ ఎన్నేళ్ళనుంచో అనుకుంటున్నారు. తీరా ఇల్లు అద్దెకి దొరికేసరికి సింహాసనానికి చెమ్మ పట్టింది.

వానలు మొదలైనప్పటినుంచీ ఆ సీట్లోంచి దిగితే చాలు, ఆవిడ బట్టలు వెనకవైపు తడిసి ఉండేవి. చేత్తో ముట్టుకుంటే సీటు పొడిగానే ఉండేది. ముందు సీట్లో వాళ్ళెవరూ తడిసేవాళ్ళు కాదు. ఆవిడ వయసా, దాచినా దాగేది కాదు. ఇంక ఏమనుకోవాలి? అదే అనుకుంది. కొడుకూ అదే అనుకున్నాడు. కోడలూ అదే అనుకుంది. ముగ్గురూ అనుకున్నారు, ఒక్కరూ అనలేదు.

ప్రయాణం ఉందంటే పొద్దున్నించీ ఆవిడ మంచినీళ్ళు మానేసేది. కాఫీ మానేసేది. నోరెండిపోయేది, సీటు మాత్రం తడిసేది. తాగని నీళ్ళు ఎక్కణ్ణించి వస్తున్నాయో అర్థంకాక లోపల ఏ గొట్టం తెగిందోనని మరింత హడలిపోయింది. బట్టలు చాటుగా తనే ఉతుక్కుని, చాటుగానే ఆరేసుకుంది.

ఇందులో విడ్డూరం ఏమిటంటే, ఆ ఇంట్లో అందరూ నీళ్ళతో వైరం పెట్టుకుని బతికేవాళ్ళే. కొడుకు కారే కప్పులూ చెమర్చే గోడలూ బాగుచేసే కాంట్రాక్టరు. జనం ముద్దుగా చెమ్మ డాక్టరు అంటారు. కోడలికి డ్రైక్లీనింగ్ షాపుంది. ఆయన తడి ఆపుతాడు, ఆవిడ తడపకుండా ఉతుకుతుంది. అలాంటి కొంపలో తడి మాట ఎత్తాలంటే అందరికీ నాలుక పిడచగట్టుకుపోయింది.

ఇక ఈ వారం సంగతి.

రాత్రంతా దంచి కొట్టిన వాన తెల్లారాక వెలిసింది. తడి కప్పు మీద మందు పట్టదు కాబట్టి చెమ్మ డాక్టరు పనికి పోకుండా ఇంట్లోనే ఉన్నాడు. కోడలు ఉతికిన కోట్లు ఇచ్చి రావడానికి కారు తీసుకెళ్ళింది. కండక్టరమ్మ ముందుగది కిటికీ పక్కన కూర్చుని పేపరు చదువుతున్నట్టు నటిస్తోంది. అంతలో కారు వచ్చి వాలులో ఆగింది. వాళ్ళ వాకిలి వీధి వైపుకి, అందులోనూ ఎడమకి దిగజారి ఉంటుంది. కారు ఎప్పుడూ ముక్కు పైకెత్తి, ఒక పక్కకి ఒరిగి, అలిగినట్టు నిలబడుతుంది.

కోడలు దిగింది. చేతిలో తెల్లకోటు.

"ఏమండీ, ఒకసారి బయటికి రండి" అంది. ఇస్త్రీపెట్టె ఎంత వేడెక్కిందో గొంతులోనే తెలిసిపోయింది.

డాక్టరు వెళ్ళాడు. కండక్టరమ్మ పేపరు కిందికి దించలేదు గానీ, చెవి మాత్రం కిటికీ దాటి వెళ్ళింది.

కోడలు చెప్పిందేమిటంటే, పంటి డాక్టరుగారి కోట్ల దొంతర రబ్బరు గుడ్డ మీద నిలవకుండా జారిపోతోందట. విసుగొచ్చి ఆ గుడ్డని డిక్కీలో పడేసి, దొంతరని సీటు మీదే పెట్టి బెల్టు బిగించిందట. దారిలో ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయిందట. తీరా క్లినిక్ ముందు ఆగి దొంతర ఎత్తితే అడుగునున్న కోటు ఇదీ. కోటు వెనక్కి తిప్పి చూపించింది. నడిమధ్య గుండ్రంగా తడి, అంచంతా గోధుమరంగు మరక.

"ఎడమవైపేనా పెట్టావు?" అన్నాడు చెమ్మ డాక్టరు.

"ఎడమవైపే. అత్తయ్య కూర్చునే చోటే."

అతను నీళ్ళు నమిలాడు.

"నమిలింది మింగండి. ఇదేమిటంటారు? కోటుకి కూడా వయసు మీద పడిందంటారా? దీనిక్కూడా అపాయింట్‌మెంటు తీసుకుంటారా?"

పేపరు కింద పడింది. ఎంత రద్దీలోనైనా టికెట్ లేనివాణ్ణి చూపుతో పట్టేసిన మనిషి ఆవిడ. వాకిట్లోకి వచ్చి నిలబడి, ఎవరి వైపూ చూడకుండా, "ఇంకెవరికి తీసుకున్నార్రా అపాయింట్‌మెంటు?" అంది.

కోడలు కోటు మడతపెట్టడం మొదలుపెట్టింది. మడతపెట్టిన కోటునే మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టింది. కొడుకు నసిగీ నసిగీ అసలు సంగతి బయటపెట్టాడు. సోమవారం పెద్ద డాక్టరు దగ్గర చెప్పి ఉంచాడు. మోకాళ్ళ కోసమని చెప్పి తీసుకెళ్దామనుకున్నాడు. అక్కడికెళ్ళాక డాక్టరే మెల్లిగా అసలు విషయం అడుగుతాడని.

"నాతో ఒక్క మాట అనలేకపోయావా?"

"నీతో ఎలా అననమ్మా..."

"గుడ్డ మాత్రం పరచగలిగావు."

ఆ మాట ఆవిడ గట్టిగా అనలేదు. స్టాపు పేరు చెప్పినట్టు మామూలుగా అంది. తడిగుడ్డతో గొంతులు కోసేవాళ్ళ గురించి విన్నాం గానీ, తన గొంతు తనే రబ్బరు గుడ్డతో కోసుకున్నవాణ్ణి అప్పుడే చూశాం. అతని మొహం వాననీళ్ళకి ఉబ్బిన తలుపులా అయింది, మూయలేడు, తెరవలేడు.

కానీ మనిషి నీరుగారినా అతనిలోని కాంట్రాక్టరు నీరుగారడు. కాసేపటికి తేరుకుని, కోటు కింద ఇంకేదో తడి వస్తువు ఉండి ఉంటుందిగానీ తన కారు కారే ప్రశ్నే లేదన్నాడు. కారు అన్నది పేరే గానీ గుణం కాదన్నాడు. కొన్న వారమే కింద దూరి, పైన ఎక్కి, అణువణువూ స్వహస్తాలతో చూసుకున్నానన్నాడు. అరచేత్తో సీటు నొక్కి చూపించాడు. చెయ్యి పొడిగానే వచ్చింది.

"చేత్తో కాదు. కూర్చోండి" అంది కోడలు.

కూర్చున్నాడు. తలుపేసుకుని, చేతులు కట్టుకుని, తప్పుడు కేసులో బోనెక్కిన పెద్దమనిషిలా కూర్చున్నాడు. కండక్టరమ్మ మెట్టు మీద కూర్చుంది. ఆవిడకి కోటు మాట నిజమైతే బాగుండునని ఉంది, నిజం కాకపోతే ఏంకావాలో తెలియకుండా ఉంది. ఈ వీధిలో, ఈ వాకిట్లో, కొడుకూ కోడలి ముందు, తన పరువంతా వాడి ప్యాంటు మీద ఆధారపడి ఉంది. ఏ తల్లికీ రాకూడని కష్టం.

వెనకింటి కుక్క వచ్చి కారుని వాసన చూసి వెళ్ళింది. మేఘం తప్పుకుని ఎండొచ్చింది.

"చాలా?" అన్నాడు లోపల్నుంచి.

"దిగండి. అటు తిరగండి."

తిరిగాడు.

లేతరంగు ప్యాంటు. ఎక్కడ తడవకూడదో సరిగ్గా అక్కడ, పళ్ళెమంత తడి.

కోడలు కోటు నోటికి అడ్డం పెట్టుకుంది. కండక్టరమ్మ మెట్టు మీంచి లేచింది. కొడుకు చుట్టూ ఒకసారి తిరిగి, తనిఖీ అధికారిలా నిదానంగా చూసింది.

"పొద్దున నీళ్ళేమన్నా ఎక్కువ తాగావేంట్రా?" అంది.

అని నవ్వింది. మొదట ముక్కులోంచి, తర్వాత గొంతులోంచి, ఆ తర్వాత ఎక్కణ్ణించో. మెట్టు మీద కూలబడి, పొట్ట పట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వింది. ఆ ఇంట్లో కొన్ని వారాలుగా కారకూడని చోట్ల కారిన నీళ్ళన్నిటికీ అవే ప్రాయశ్చిత్తం. కోడలు వచ్చి పక్కన కూర్చుని ఆవిడ భుజం మీద తల పెట్టింది. "నన్ను కూడా తిట్టండి అత్తయ్యా, నేనూ అలాగే అనుకున్నాను" అంది. తిడతానులే, ముందు దీని సంగతి తేలనీ అంది ఆవిడ.

తడిసిన ప్యాంటుతోనే డాక్టరు పనిలోకి దిగాడు. వెనక సీటు అడుగు పలకని ముందంచు పట్టుకుని పైకి లాగితే టక్కున ఊడొచ్చింది. పైన గుడ్డంతా పొడి. కింద స్పాంజి మాత్రం గేదె వీపులా తడి. ఊరికే చేత్తో తాకితే తెలియదు. మనిషి బరువు పడి కాసేపు నలిగితే అప్పుడు కింది నీళ్ళు నెమ్మదిగా పైకి ఎక్కుతాయి. సరిగ్గా కండక్టరమ్మ ఊరు చూడటానికి పట్టేంతసేపు. స్పాంజి కింద రేకు గుంటలో చిన్న చెరువే ఉంది.

నీళ్ళు కనపడ్డాయి, దారి కనపడలేదు. కప్పుల పనిలో మొదటి పాఠం అదేనని డాక్టరే చెప్పాడు. చుక్క పడేచోట కన్నం ఉండదు. ఎక్కడో దూరి, ఎక్కడెక్కడో పాకి, అమాయకుడి నెత్తిన పడుతుంది. అమాయకుడి నెత్తినైతే ఫరవాలేదు, అంది కండక్టరమ్మ.

ముందు లోపలంతా గుడ్డలతో తుడిచి ఆరబెట్టారు. కోడలు అత్తగారు మొహానికి రాసుకునే పౌడరు డబ్బా తెచ్చి, లోపల తలుపు అంచుల చుట్టూ, కిటికీ పక్కనున్న స్తంభం మీదా, పైన చేతిపిడి చుట్టూ మెత్తగా చల్లింది. నీటి చుక్క ఎటు పాకినా పౌడరు మీద గీత పడుతుంది. కారుకి పౌడరు రాసి పెళ్ళికూతుర్ని చేశాక, ఇక స్నానం మిగిలింది. కోడలు పైపు పట్టుకుంది. డాక్టరు కింద కాపలా. టార్చిలైటుతో లోపల ఎవరు కూర్చోవాలి అన్నప్పుడు కండక్టరమ్మ అడక్కుండానే ఎక్కేసింది.

"నేను లోపల్నుంచి కప్పు మీద ఒకసారి కొడితే ఆపు, రెండుసార్లు కొడితే పోనీ" అంది కోడలితో.

బస్సు గంట లెక్క అది. ఒక గంటైతే ఆగు, రెండైతే పద. తన ఉద్యోగమంతా ఆ లెక్కకి ఆగి, ఆ లెక్కకి కదిలిన డ్రైవరు ఒకాయన ఉండేవాడు. వెనక్కి తిరిగి మాట్లాడే మనిషి కాదు. గంట విన్నానన్నట్టు ఒక పొడి దగ్గు దగ్గేవాడు, అంతే. అంతకాలం ఒకే బస్సు తోలి, ఆవిడ రిటైరైన రోజు వీడ్కోలు సభకి మాత్రం రాలేదు. ఆ తర్వాత ఇంట్లో ఆయన ఊసెత్తితే ఆవిడ పొడిపొడిగా ఒక మాట అని లేచి వెళ్ళిపోయేది. ఇప్పుడు కప్పు మీద రెండుసార్లు కొట్టగానే ఆ దగ్గు కోసం చెవి ఎదురుచూసింది. వెధవ చెవి అనుకుంది.

నీళ్ళు కింది నుంచి మొదలుపెట్టాలి. పైనుంచి పోస్తే అన్నీ ఒక్కసారే తడిసి ఏ దారో తెలియదు. ముందు చక్రం మీద పోశారు, పౌడరు చెదరలేదు. తలుపు కింద పోశారు, లేదు. తలుపు పైన, కిటికీ అద్దం మీద, వెనక లైటు చుట్టూ పోశారు. లేదు, లేదు, లేదు. ప్రతిసారీ లోపల్నుంచి రెండు దెబ్బలు, పోనీ, పోనీ. డాక్టరు మొహం నెమ్మదిగా వెలగడం మొదలైంది. కండక్టరమ్మ దెబ్బల చప్పుడు నెమ్మదిగా తగ్గడం మొదలైంది.

చివరికి పైకప్పు. ఆ కారుకి నెత్తిన జరిపి తెరుచుకునే అద్దం కిటికీ ఒకటుంది. సన్‌రూఫ్ అంటారు. దాన్ని ఈ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ తెరవలేదు, జుట్టు చెదిరిపోతుందని. కోడలు దాని చుట్టూ నీళ్ళు వదిలింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత కప్పుకి లోపల అంటించిన గుడ్డ చేతిపిడి దగ్గర కొంచెం ముదురు రంగు తిరిగింది. అక్కణ్ణించి పౌడరు మీద సన్నటి గీత ఒకటి, జాగ్రత్తగా, సిగ్గుపడుతున్నట్టు, స్తంభం వెంట దిగుతూ సీటు వెనక్కి దూరింది.

కండక్టరమ్మ కప్పు మీద ఒకే ఒక్కసారి కొట్టింది. కారు అదిరింది.

తర్వాతది డాక్టరు చూసుకున్నాడు. సన్‌రూఫ్ కొద్దిగా జరిపితే చుట్టూ చిన్న కాలువ కనిపించింది. అద్దం అంచున దిగిన వాననీళ్ళు ఆ కాలువలో పడి, మూలల్లో ఉన్న కన్నాల్లోంచి గొట్టాల్లో దిగి, చక్రాల దగ్గర నేల మీదికి పోవాలి. మూల మూలకీ చెంబుతో కాసిని నీళ్ళు పోసి చూశారు. మూడు మూలల నీళ్ళూ కిందికి దిగి నేల తడిపాయి. వెనక ఎడమ మూల మాత్రం నిండి అలాగే నిలబడింది. కారు వాలేది ఆ మూలకే. అక్కడ దారి లేక నీళ్ళు కాలువ పొంగి లోపలికి వస్తున్నాయి.

"ఆకో పురుగో అడ్డం పడి ఉంటుంది" అని డాక్టరు వెనక చక్రం పక్కన వెల్లకిలా పడుకుని లోపలికి దూరాడు. కాళ్ళు మాత్రం కనపడుతున్నాయి. కాసేపటికి అవి కదలడం మానేశాయి.

కోడలు వంగి టార్చిలైటు వేసింది. గొట్టం మూతి నిండా, కప్పుల కన్నాలు పూడ్చే బూడిదరంగు సీలెంటు. అందంగా, గుండ్రంగా, బొటనవేలితో నునుపు చేసి ఉంది. ఊళ్ళో సీలెంటుని బొటనవేలితో నునుపు చేసేవాడు ఒకడే ఉన్నాడు. వేలిముద్రతో సహా దొరికాడు.

"కొన్న వారమే అణువణువూ చూసుకున్నానన్నారే, అదేనా ఇది?" అంది కోడలు.

కారు కింది నుంచి సమాధానం సన్నగా వచ్చింది. కొన్న కొత్తలో వాన పడ్డాక అక్కడ చుక్క చుక్కగా కారుతుంటే చూశాడట. చుక్క కనిపిస్తే చెయ్యి ఊరుకోదు కదా. అతని వృత్తిలో కన్నమంటే శత్రువు. ఇది కావాలని పెట్టిన కన్నమని తట్టనే లేదు. కప్పు నుంచి నీళ్ళు పోవడానికి తూము ఉంచమని ఊరందరికీ చెప్పే మనిషి, తన కారు తూము తనే మూశాడు. కంచే చేను మేసిందంటే ఏమిటో అనుకునేవాళ్ళకి ఇదీ చేను, ఇడుగో కంచె.

చాకు మొన పెట్టి అంచు లేపి, పట్టుకుని లాగాడు. సీలెంటు బిరడాలా ఊడింది. అంతే, గొట్టంలో నిలబడిపోయిన నీళ్ళన్నీ, ఆకుల కషాయంలా గోధుమరంగులో, ధారగా అతని మొహం మీద పడ్డాయి. పడుతూనే ఉన్నాయి. కారు సుఖంగా నిట్టూర్చినట్టు బుడబుడమంది.

కండక్టరమ్మ పక్కన నిలబడి ఆ ధార ఆగేదాకా చూసింది.

"పాపం, బిగబట్టుకున్న రోగం దీనిదట్రా. ఆ అపాయింట్‌మెంటేదో దీనికి వాడు" అంది.

డాక్టరు కారు కింద నుంచి పాక్కుంటూ బయటికొచ్చాడు. మొహం తుడుచుకోలేదు. తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఏదో అనబోయాడు. ఆవిడ కొంగుతో అతని మొహం తుడిచింది, కొంచెం గట్టిగానే తుడిచింది.

"ఇంకోసారి నా గురించి భయమేస్తే నాతోనే చెప్పు. నాకూ భయమేసింది. ఇద్దరం కలిసి భయపడేవాళ్ళం కదా" అంది.

ఆ తర్వాత పనంతా సుఖాంతమే. సన్నటి మెత్తని ప్లాస్టిక్ తీగ పైనుంచి గొట్టంలో మెల్లిగా దూర్చి లోపలి మడ్డి లాగేశారు. మిగతా మూడు గొట్టాలకీ అదే సేవ. స్పాంజిని కోడలు తన షాపులో బట్టలు ఆరబెట్టే వేడి గదిలో పెట్టించింది. పంటి డాక్టరుగారి కోటుకి మళ్ళీ స్నానమైంది. సోమవారం అపాయింట్‌మెంటు రద్దయింది. రబ్బరు గుడ్డని కండక్టరమ్మ కొడుకు చేతికే ఇచ్చి, కారు కింద దూరేటప్పుడు వీపు కింద పరుచుకోమంది.

మర్నాడు సాయంత్రం సీటు బిగించడం పూర్తవుతూనే వాన మొదలైంది. వీధి చివర కారుమబ్బులు, వాకిట్లో కారు. కండక్టరమ్మ రెండు గ్లాసుల నీళ్ళు వరసగా తాగింది. ఆ పైన కాఫీ కూడా తాగింది. తాగి, గొడుగేసుకుని వెళ్ళి, కారులో వెనక ఎడమవైపు తన చోట్లో కూర్చుని తలుపేసుకుంది.

నెత్తి మీద వాన టపటపా వాయించేస్తోంది. చక్రం పక్కన గొట్టంలోంచి నీళ్ళు బుద్ధిగా నేల మీదికి పోతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆవిడ కాళ్ళు చాపుకుంది. చాలాసేపు కూర్చుంది. కిటికీ అద్దం మీంచి వీధి దీపాలు కరిగి కారుతుంటే చూసింది. తర్వాత కొంచెం లేచి, చెయ్యి వెనక్కి పెట్టి చూసుకుంది. పొడి. ఎండుటాకంత పొడి. గుమ్మంలో నిలబడి చూస్తున్న కొడుకూ కోడలికి కిటికీలోంచి బొటనవేలు చూపించింది. కోడలు చప్పట్లు కొట్టింది. కొడుకు తన బొటనవేలు దాచుకున్నాడు.

ఆవిడ ఫోన్ తీసింది. అప్పటికే సముద్రం దగ్గరికెళ్ళిపోయిన చెల్లెలు ఎత్తగానే, ఉపోద్ఘాతం లేకుండా, "ఎల్లుండి నేనూ వస్తున్నానే. నా చోటు ఖాళీగానే ఉందిగా?" అంది.

అవతల సంతోషం వినిపించాలి. వినిపించలేదు.

"అక్కా, నువ్వు రానన్నావు కదా... ఆ గది ఊరికే పోతుందని..."

"ఎవరికిచ్చావే?"

"చెప్తే కోప్పడవుగా? తనే వచ్చి అడిగారక్కా. నీతో మాట్లాడాలట. నువ్వు రావని చెప్పినా, వస్తుంది చూడండి, ఇక్కడే ఉంటానన్నారు."

"ఎవరే?"

చెల్లెలు చెప్పక్కర్లేకపోయింది. ఫోనులో, చెల్లెలికి కొంచెం వెనకగా, ఎవరో దగ్గారు. పొడి దగ్గు. ఒకే ఒక్కటి.

కండక్టరమ్మ చెయ్యి తనంతట తనే పైకి లేచి, లేని బెల్లు తాడు కోసం వెతికింది. కిటికీ మీది చేతిపిడి దొరికితే పట్టుకుంది. ఆయన గంట కోసం ఎదురుచూస్తున్నాడని ఆవిడకి తెలుసు. ఒకటైతే ఆగు. రెండైతే పద.

ఆవిడ వేలు వంచి, ఫోను వెనక గట్టిగా ఒకసారి కొట్టింది. రెండోసారికి వేలు గాల్లోనే ఆగింది.